నల్లా దగ్గర ఎంత పీడనం?

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ నీళ్ల గోడు ఎవరు చెప్పినా లెక్క లీటర్లలోనే నడుస్తుంది. నగరానికి రోజుకు ఎన్ని మిలియన్ గ్యాలన్లు వస్తున్నాయి, ట్యాంకర్‌లో ఎన్ని వేల లీటర్లు పడతాయి, ఇంటికి నెలకు ఎన్ని కిలోలీటర్లు ఉచితం అన్నవే వార్తలు, అవే హామీలు. 2021 జనవరిలో మొదలైన 20 కిలోలీటర్ల ఉచిత నీటి పథకం కూడా ఘనపరిమాణం లెక్కే. కానీ కొండవాలు బస్తీలో బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి ఫిర్యాదులో లీటర్లు ఉండవు. నల్లా వచ్చింది గానీ ప్రెషర్ లేదంటాడు. కింది గల్లీలో ధారగా పడుతున్న నీళ్లు పై గల్లీలో చుక్కలుగా ఎందుకు రాలుతున్నాయో చెప్పే భౌతిక రాశి పేరు అతని నోట సరిగ్గానే వచ్చింది. ఆ రాశికి అంకె కట్టి అతని చేతికి ఇచ్చేవాళ్లే లేరు. ఉన్న నీరు ఎవరికి ముందు చేరాలో, ఎవరికి చేరకూడదో నిర్ణయించేది పీడనం. దాన్ని వీధి చివరి నల్లా దగ్గర సరైన గేజ్‌తో, అందరికీ అర్థమయ్యే యూనిట్‌లో కొలిచి ప్రకటించనంత కాలం లీటర్ల లెక్క సగం లెక్కే అవుతుందన్నది ఈ వ్యాసం చేయబోయే వాదన. అందుకు పీడనం అంటే ఏమిటి, గేజ్ ఏం చూపిస్తుంది, ఏం దాస్తుంది, ఇన్ని యూనిట్లు ఎందుకొచ్చాయి అన్నవన్నీ ఒకసారి తిరగేయక తప్పదు.

ముందు ఈ కొండల సంగతి. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న జలాశయాలు రెండు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు, అంటే సుమారు 545 మీటర్లు. అక్కడి నుంచి నీరు పంపు అవసరం లేకుండా కాలువ వెంట జారి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేది. మూసీ ఒడ్డున పల్లంలో ఉన్న ఊరికి ఆ ఏర్పాటు అమరింది. భూమి వాలే అప్పటి పంపు, దానికి కరెంటు బిల్లు లేదు. 1960ల్లో గృహనిర్మాణ సహకార సంఘం జూబ్లీహిల్స్ రాతి గుట్టల మీద ప్లాట్లు వేయడం మొదలుపెట్టినప్పుడు, 1976లో అక్కినేని నాగేశ్వరరావు ఆ పక్కనే అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచినప్పుడు, తర్వాత మద్రాసు నుంచి తరలివచ్చిన పరిశ్రమ కోసం ఫిల్మ్‌నగర్ వెలిసినప్పుడు ఊరు ఆ పాత నీటిమట్టం గీతను దాటి పైకెక్కింది. ఇక్కడి ఎగువ వీధులు ఉస్మాన్‌సాగర్ నిండుకుండలా ఉన్నా దాని నీరు తనంతట తాను ఎక్కలేని ఎత్తులో ఉన్నాయి. పైగా కింద గ్రానైటు. పగుళ్లున్న చోట బోరు పడుతుంది, లేని చోట ఎంత లోతు వేసినా పొడి దుమ్మే. స్టూడియోలతో పాటే లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు, సెట్లు వేసే వడ్రంగులు, ఇళ్లలో పనిచేసేవాళ్లు వచ్చి గుట్టల వాలుల్లో బస్తీలు కట్టుకున్నారు. బంగ్లాకు, బస్తీకి మధ్య ఆస్తిలో ఎంత తేడా ఉన్నా పైపు మాత్రం ఒకే కొండను ఎక్కాలి.

ఇప్పుడు ఆ పైపులోకి వచ్చే నీరు ఎంత కిందినుంచి వస్తోందో చూడండి. కృష్ణా నీటిని నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి వద్ద ఎత్తి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి నగరానికి తెస్తారు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ సగటు ఎత్తు 542 మీటర్లు. 2015 నుంచి వస్తున్న గోదావరి నీరు ఇంకా కిందినుంచి, 148 మీటర్ల మట్టంలోని ఎల్లంపల్లి నుంచి బయలుదేరుతుంది. సాగర్ నిండుగా ఉన్న రోజున కూడా నగర సగటు ఎత్తుకు చేరాలంటే నీటిని 362 మీటర్లు ఎత్తాలి. పైపులో రాపిడిని లెక్కలోంచి తీసేసినా, పంపు నూటికి నూరు శాతం సమర్థమైనదే అనుకున్నా, ఒక కిలోలీటరును అంత ఎత్తుకు చేర్చడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. నిజమైన పంపులకు, నిజమైన పైపులకు అంతకంటే ఎక్కువే పడుతుంది. జూబ్లీహిల్స్ గుట్టలకు ఆ పైన మరో మెట్టు. నీటిని ఎత్తడమంటే దానికి పీడనం కొనివ్వడమే. కొన్న పీడనాన్ని పైపు పొడవునా రాపిడి తినేస్తుంది, వంపులు తింటాయి, తుప్పు తింటుంది. చివరి నల్లా దగ్గర మిగిలిందే ఆ ఇంటి వాటా. ఖర్చు మొత్తం పీడనం మీద పెట్టి, రాబడిని లీటర్లలో మాత్రమే చూసుకోవడం నాకు లెక్క తప్పినట్టే అనిపిస్తుంది.

పీడనమంటే వైశాల్యం మీద పంచిన బలం. ఇంతవరకు బడిపిల్లలకూ తెలుసు. చిక్కంతా దాన్ని చెప్పే యూనిట్లలో. పంపుసెట్టు మెకానిక్ 'రెండు కేజీల ప్రెషర్' అంటాడు. చదరపు సెంటీమీటరు మీద రెండు కిలోల బరువు మోపినంత అని దాని అర్థం. టైర్ల షాపులో 32 పెట్టించుకుంటే అది చదరపు అంగుళానికి పౌండ్లు. దిగుమతి షవర్ పెట్టె మీద బార్‌లు, డాక్టరు చీటీలో పాదరసం మిల్లీమీటర్లు, వాతావరణ కేంద్రం నివేదికలో హెక్టోపాస్కళ్లు, నీటి ఇంజినీరు డ్రాయింగులో మీటర్లు. ఇన్ని పేర్లు పుట్టడం వెనుక ఒక్కో పరికరం చరిత్ర ఉంది. 1640ల్లో టారిచెల్లీ పాదరసపు గొట్టంతో గాలి బరువును కొలిచాడు, కాబట్టి మిల్లీమీటర్లు వచ్చాయి. 1648 సెప్టెంబరులో పాస్కల్ తన బావగారు పెరియేతో అదే గొట్టాన్ని ఫ్రాన్సులోని పుయ్ ద దోమ్ కొండ ఎక్కించి, పైన పాదరసం మూడు అంగుళాలకు పైగా దిగిందని నిరూపించాడు. ఎత్తుకూ పీడనానికీ ఉన్న ముడి అక్కడే తేలింది. ఆయన పేరునే 1971లో అంతర్జాతీయ యూనిట్‌కు పెట్టారు. కానీ పాస్కల్ మరీ చిన్నది. కిలోల్లో, మెగాల్లో తప్ప వాడలేం. గుర్తుంచుకోవలసిన లెక్క ఒక్కటే: 10 మీటర్ల నీటి ఎత్తు అంటే ఒక కేజీ ప్రెషర్. బార్ అన్నా దాదాపు అదే, తేడా నూటికి రెండు. పౌండ్లలో 14 పైచిలుకు. కొండ మీది ఊరికి వీటన్నిట్లో మీటర్లే తగినవని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ అంకె మనిషికి సూటిగా అర్థమవుతుంది. నల్లా దగ్గర 7 మీటర్లు ఉందంటే, పైపును నిలువుగా పైకి లేపితే నీరు 7 మీటర్ల దాకా ఎక్కుతుందని అర్థం. ఒక అంతస్తు ట్యాంకు దాకా మోటార్ లేకుండా ఎక్కుతుందా లేదా అన్న ప్రశ్నకు అందులోనే జవాబుంది.

యూనిట్ తెలిస్తే చాలదు, ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నామన్నది కూడా తెలియాలి. అనేక గందరగోళాలకు మూలం ఇదే. మన చుట్టూ ఉన్న గాలి మనమీద ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. సముద్రమట్టం దగ్గర అది 760 మిల్లీమీటర్ల పాదరసం. హైదరాబాద్ ఎత్తులో 710 దగ్గరికి దిగుతుంది. బేగంపేట వాతావరణ కేంద్రంలో పరికరం నిజంగా చూపేది దాదాపు 950 హెక్టోపాస్కళ్లే అయినా, పటాల్లో వేసే అంకె వెయ్యి దాటి ఉంటుంది. అన్ని ఊళ్లనూ పోల్చడానికి వీలుగా దాన్ని సముద్రమట్టానికి సవరించి చెబుతారు. ఫోన్‌లోని బారోమీటర్ అంకె, వార్తల్లోని అంకె కలవకపోవడానికి కారణం ఇదే. రెండూ ఒప్పే. టైరు గేజ్, నీటి గేజ్ మాత్రం ఈ గాలి ఒత్తిడిని సున్నాగా తీసుకుని దానికి పైన ఎంత ఉందో చెబుతాయి. పూర్తి శూన్యం నుంచి లెక్కపెడితే వచ్చే నిరపేక్ష పీడనం వేరు, వాతావరణం నుంచి లెక్కపెట్టే గేజ్ పీడనం వేరు. రక్తపోటు కూడా గేజ్ లెక్కే. అందుకే 120/80 అన్నది మచిలీపట్నంలోనైనా జూబ్లీహిల్స్‌లోనైనా ఒకే అర్థం ఇస్తుంది. అయితే అదే రక్తపోటు మరో పాఠం కూడా చెబుతుంది. చేతికి కట్టిన పట్టీ గుండె ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే రీడింగ్ దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అక్కడ రక్తంలో జబ్బేమీ పుట్టలేదు, కొలిచిన చోటు మారింది, అంతే. జానెడు కూడా లేని ఎత్తు తేడా ఒక మనిషిని ఆరోగ్యవంతుల వరుస నుంచి రోగుల వరుసలోకి నెట్టగలిగితే, పదుల మీటర్ల ఎత్తు తేడా ఉన్న కొండవాలుకు మొత్తంగా ఒకే అంకె చెప్పి సరిపెట్టడంలో అర్థమేముంది?

పరికరం దగ్గరికి వద్దాం. పైపు మీద గుండ్రంగా కనిపించే గేజ్ లోపల బల్లపరుపుగా నొక్కి, విల్లులా వంచిన ఇత్తడి లేదా కంచు గొట్టం ఒకటి ఉంటుంది. దాని ఒక కొస పైపుకు బిగించి ఉంటుంది, రెండో కొస మూసి ఉంటుంది. లోపల నీరు నొక్కినకొద్దీ వంపు విచ్చుకుంటుంది. మూసిన కొస కదలిక కొన్ని మిల్లీమీటర్లే. ఆ కాస్త కదలికను చిన్న లింకు, పళ్ల ముక్క, పళ్ల చక్రం పట్టుకుని ముల్లును ముప్పావు చుట్టు తిప్పుతాయి. 1849లో ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ పేటెంటు పొందిన ఈ గొట్టం ఇవాళ్టికీ బాయిలర్ నుంచి గ్యాస్ వెల్డింగ్ సెట్టు దాకా అదే ఆకారంలో నడుస్తోంది. కరెంటు అక్కర్లేదు, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, చదువుకోని మనిషి కూడా ముల్లు ఎక్కడుందో చెప్పగలడు. కానీ దాని బలహీనతలు తెలియకుండా వాడితే అబద్ధం చెబుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో మామూలుగా చేతికొచ్చేది సున్నా నుంచి 10 కేజీల డయల్. దాని ఖచ్చితత్వం 1.6 తరగతి అనుకుంటే, తప్పు మొత్తం డయల్‌లో 1.6 శాతం దాకా ఉండొచ్చు. అంటే 0.16 కేజీ, మీటర్లలో 1.6. నల్లా దగ్గర మనం వెతుకుతున్నది అర కేజీ, ముప్పావు కేజీ. అక్కడ మీటరున్నర తప్పు అంటే కొలత కాదు, ఊహ. అదే తరగతిలో సున్నా నుంచి 2.5 కేజీల డయల్ తీసుకుంటే తప్పు 0.4 మీటరుకు తగ్గుతుంది. మరో లోపం ఇంకా పెద్దది. చాలా గేజ్‌లలో సున్నా దగ్గర చిన్న పిన్ను ఉంటుంది, ముల్లు దానికి ఆనుకుని ఆగిపోతుంది. పైపులో పీడనం సున్నా కంటే కిందికి పడినా ముల్లు సున్నా దగ్గరే నిలబడుతుంది. సున్నాకు రెండు వైపులా అంకెలున్న గేజ్ పెడితే తప్ప పైపు పీలుస్తోందన్న సంగతి బయటపడదు. ప్రవాహం హఠాత్తుగా ఆగినప్పుడు పైపులో పుట్టే వాటర్ హ్యామర్ దెబ్బలకు ముల్లు అదిరి పళ్లు అరిగిపోతాయి. అందుకే గ్లిసరిన్ నింపిన గేజ్‌లు వాడతారు, ఏడాదికోసారైనా బరువులతో నడిచే ప్రామాణిక యంత్రంతో సరిచూడాలి. ఆ యంత్రాల గొలుసు దేశంలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా వెళ్తుంది.

మంచి గేజ్ తెచ్చి సరైన చోట పెట్టినా, ఎప్పుడు చూశామన్నది మూడో ప్రశ్న. నల్లాలన్నీ కట్టేసి ఉన్నప్పుడు గేజ్ చూపేది రిజర్వాయర్‌లోని నీటిమట్టానికీ గేజ్‌కూ మధ్య ఉన్న ఎత్తును మాత్రమే. ఒక రిజర్వాయర్ కింది వీధి కంటే 25 మీటర్లు, పై వీధి కంటే 8 మీటర్లు ఎత్తులో ఉందనుకుందాం. అంతా మూసి ఉంటే కింద రెండున్నర కేజీలు, పైన 0.8 కేజీ చూపిస్తుంది, పర్వాలేదనిపిస్తుంది. సరఫరా గంటలో కింది వీధుల సంపులన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. పైపులో ప్రవాహం రెట్టింపైతే రాపిడి నష్టం రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడున్నర రెట్లు దాటుతుంది. తుప్పు పేరుకుని 100 మిల్లీమీటర్ల పైపు లోపల 80కి కుంచించుకుపోతే అదే ప్రవాహానికి నష్టం దాదాపు మూడు రెట్లు. పై వీధికి ఉన్న 8 మీటర్లు రాపిడి కిందే కరిగిపోతే అక్కడ ముల్లు సున్నా మీద పడుకుంటుంది. ఇక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు, వాల్వ్ తిప్పే మనిషి పక్షపాతం చూపలేదు. అయినా పై గల్లీ ఎండిపోయింది. దానికి జనం కనిపెట్టిన మందు నగరమంతటా కనిపిస్తుంది. ఇంటి ముందు గుంత తవ్వి, రోడ్డు మట్టం కంటే కింద నల్లా బిగించుకోవడం. మీటరు లోతు గుంత అంటే పదో వంతు కేజీ పీడనం సంపాదించుకోవడం. పాఠ్యపుస్తకం చదవని మనిషి పాస్కల్ సూత్రాన్ని గడ్డపారతో అమలు చేశాడు. అతని బుద్ధికి నమస్కరించాల్సిందే. కానీ ఆ గుంతలో మురుగు చేరుతుంది. సరఫరా ఆగి పైపు ఖాళీ అవుతున్నప్పుడు నల్లా మూతి ఆ మురుగులో మునిగి ఉంటే నీరు వెనక్కి, పైపులోకి పోతుంది.

ఇక్కడి నుంచి పీడనం సౌకర్యం విషయం కాకుండా ప్రాణం విషయం అవుతుంది. పైపులో పీడనం బయటి మట్టి కంటే ఎక్కువగా ఉన్నంతసేపు పగులున్నా నీరు బయటికే కారుతుంది. నష్టం నీటికే. లోపలి పీడనం వాతావరణం కంటే తగ్గిన క్షణం అదే పగులు లోపలికి పీలుస్తుంది. పక్కనే మురుగు లైను ఉంటే ఏం పీలుస్తుందో చెప్పనక్కర్లేదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి పలువురు ప్రాణాలు కోల్పోయారు. కర్ణాటకలో హుబ్బళ్లి–ధారవాడలో కొన్ని వార్డులకు 24 గంటల సరఫరా ఇచ్చి, మిగతావాటికి పాత పద్ధతిలోనే విడతలుగా ఇచ్చినప్పుడు పరిశోధకులు రెండింటినీ పోల్చారు. విడతల సరఫరాలో, ముఖ్యంగా నీళ్లు వదిలిన తొలి నిమిషాల్లో, కాలుష్యం ఎక్కువగా కనిపించింది. పైపు ఎప్పుడూ పీడనంలో ఉండటమే దానికి రక్షణ కవచమన్నమాట. నల్లాకు నేరుగా మోటార్ బిగించడం ఆ కవచాన్ని చించడమే. మోటార్ తన ఇంటివైపు తోసే ప్రతి లీటరునూ వీధిపైపు నుంచి లాగుతుంది, లాగినచోట పీడనం సున్నా కిందికి పోతుంది. దానికీ ఒక హద్దుంది. హైదరాబాద్ ఎత్తులో గాలి ఒత్తిడి నీటిని సిద్ధాంతం ప్రకారం 9 మీటర్లు పైచిలుకు మాత్రమే పైకి నెట్టగలదు, అందుకే లోతైన బోర్లకు పైనుంచి పీల్చే మోటార్ పనికిరాదు, నీటిలో దించే సబ్‌మెర్సిబుల్ కావాలి. కానీ వీధి పైపును మురుగు పీల్చేలా చేయడానికి అంత శూన్యం అక్కర్లేదు, అర మీటరు చాలు. 2025 ఏప్రిల్‌లో నగర నీటి బోర్డు జలమండలి నల్లాలకు మోటార్లు తీయించే ప్రత్యేక డ్రైవ్ పెట్టి, పట్టుబడితే మోటార్ జప్తు, 5 వేల రూపాయల జరిమానా అంది. డ్రైవ్ సరైనదే. అయితే అంతకుముందు ఆ ఇంటి ముందు ఎంత పీడనం ఇచ్చారో చెప్పే రికార్డు కూడా ఆ నోటీసుతో పాటు ఉండి ఉంటే ఇంకా న్యాయంగా ఉండేది. రెండు కేజీలున్న చోట మోటార్ పెట్టినవాడిదీ, సున్నా ఉన్న చోట పెట్టినవాడిదీ ఒకే తప్పు కాదు.

ఎంత ఉంటే చాలన్నదానికి దేశంలో ఎప్పటినుంచో ప్రమాణం ఉంది. కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజినీరింగ్ సంస్థ 1999 మాన్యువల్‌లో ఇంటి కనెక్షన్ తీసే చోట ఒక అంతస్తు ఇళ్లకు కనీసం 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల పీడనం మిగిలి ఉండాలని, మామూలుగా 22 దాటకూడదని రాశారు. ఈ అంకెలు మీటర్లలో ఉన్నాయి, ఒక చోటుకు కట్టుబడి ఉన్నాయి, సరఫరా జరుగుతున్నప్పటివి. అంటే పైన చెప్పిన మూడు షరతులనూ పాటించిన అంకెలు. ఇన్ని లీటర్లు ఇస్తామన్న మాటకు భిన్నంగా ఇవి ఎవరైనా వెళ్లి సరిచూడగల మాటలు. ఇవి కాగితం మీదే ఉండిపోవడమే బాధ.

పీడనం గురించి ఇంత పట్టుబట్టడం మీద అభ్యంతరాలున్నాయి, తేలికవి కావు. మొదటిది, అసలు నీరే చాలనప్పుడు పీడనం కొలిచి ఏం లాభం అన్నది. ఇందులో నిజముంది. పీడనం, పరిమాణం ఒకటి కావు. వంటగ్యాస్ సిలిండర్ అందుకు మంచి సాక్ష్యం. లోపల ద్రవం ఉన్నంతకాలం, ఉష్ణోగ్రత మారకపోతే, గ్యాస్ పీడనం నిండుగా ఉన్నప్పుడూ పావు వంతు మిగిలినప్పుడూ ఒకేలా ఉంటుంది. గేజ్ చూసి ఎంత గ్యాస్ మిగిలిందో చెప్పలేం, తూకం వేయాలి. కాబట్టి నగరానికి చాలినంత నీరుందా అన్నదానికి పీడనం జవాబు కాదని ఒప్పుకుంటాను. కానీ ఉన్న నీరు సమంగా పంచారా అన్నదానికి వేరే జవాబే లేదు. ఒకే రిజర్వాయర్ కింద ఒక వీధిలో 20 మీటర్లు, మరో వీధిలో సున్నా ఉంటే కొరత కృష్ణలో లేదు, పంపకంలో ఉంది. రెండు చోట్లా మూడేసి మీటర్లే ఉంటే అప్పుడు నీరే చాలలేదని నమ్మొచ్చు. ఈ రెండు జబ్బులకూ మందులు వేరు, ఖర్చులు వేరు. గేజ్ లేకుండా ఏ జబ్బో తేల్చకుండానే ప్రతిసారీ కొత్త నది వైపు చూస్తున్నాం.

రెండో అభ్యంతరం ఇంజినీర్ల నుంచి వస్తుంది. పీడనం పెంచితే లీకేజీ పెరుగుతుందంటారు. అదీ నిజమే. గట్టి లోహపు గొట్టంలోని చిల్లు నుంచి కారేది పీడనపు వర్గమూలం లెక్కన పెరుగుతుంది. ప్లాస్టిక్ పైపు పగులైతే పీడనానికి నోరు ఇంకా తెరుచుకుని అంతకంటే వేగంగా పెరుగుతుంది. కానీ నేను కోరుతున్నది అంతటా పెంచమని కాదు. వాలు కింద అనవసరంగా మూడు కేజీలున్న చోట పీడనం తగ్గించే వాల్వ్ పెట్టి దించితే అక్కడ లీకేజీ తగ్గుతుంది, సంపులోకి దూకే ప్రవాహం తగ్గుతుంది, ఆ మేరకు పైకి ఎక్కడానికి పైపులో చోటు, పీడనం మిగులుతాయి. కొండ ప్రాంతాన్ని ఎత్తుల వారీగా పట్టీలుగా విడదీసి ఒక్కో పట్టీకి ఒక్కో పీడనం ఉంచడం ప్రపంచమంతా తెలిసిన పద్ధతి. వానసీను తీసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ట్యాంకర్ పంపును మరీ ఎక్కువగా నడిపితే నీరు పొగమంచులా చెదిరిపోతుంది, తక్కువైతే ధారలుగా పడి వానలా కనిపించదు. ఫిల్మ్‌నగర్ ఫ్లోర్ల మీద పీడనాన్ని అంత శ్రద్ధగా సరిదిద్దేవాళ్లున్నారు. ఆ గోడ బయట పైపుకు అంత శ్రద్ధ దక్కడం లేదు.

మూడోది, జూబ్లీహిల్స్‌లో ప్రతి ఇంటికీ సంపు, మోటార్, మేడమీద ట్యాంకు ఉన్నాయి, వీధి పీడనంతో వాళ్లకు పనేముందన్నది. బంగ్లాల వరకు ఇది కొంత నిజం. వాళ్ల పీడనాన్ని వాళ్లు కరెంటుతో కొనుక్కుంటున్నారు. షవర్ కంటే మూడు మీటర్ల ఎత్తులో ఉన్న ట్యాంకు 0.3 కేజీ మించి ఇవ్వలేదు. ఒక బార్ అడిగే దిగుమతి షవర్లకు అది చాలక మేడమీద ఇంకో ప్రెషర్ పంపు పెడుతున్నారు. కానీ సంపు అన్నది వీధికి తటస్థమైన వస్తువు కాదు. రోడ్డు మట్టం కంటే కిందికి తెరుచుకునే ప్రతి సంపూ ఆ వీధి పైపును సున్నా దగ్గరికి లాగుతుంది. సంపు కట్టుకునే జాగా, స్తోమత లేని బస్తీ ఇల్లు ఆ లాగుడుకు బలవుతుంది. సంపు ఉన్నవాళ్లకు అక్కర్లేదన్న వాదన సంపు లేనివాళ్ల గురించి మౌనంగా ఉంటుంది. ఇకపోతే రోజు మార్చి రోజు వచ్చే నీటిలో అంకె నిమిష నిమిషానికీ మారుతుంది కదా, ఏ అంకె ప్రకటించాలన్న సందేహం సాంకేతికమైనది, తేలిగ్గా తీరేది. బ్యాటరీతో నడిచే రికార్డర్లు పీడనాన్ని ఐదు నిమిషాలకోసారి రాసి పెడతాయి. వాల్వ్ తెరిచినప్పటి నుంచి మూసేదాకా అతి తక్కువ ఎంత, ఎంతసేపు 7 మీటర్లకు పైన నిలిచింది అన్న రెండు అంకెలు చాలు.

జలమండలిని కోరేది ఇదే. ప్రతి రిజర్వాయర్ పరిధిలో అన్నిటికంటే ఎత్తున ఉన్న కనెక్షన్, అన్నిటికంటే దూరాన ఉన్న కనెక్షన్ ఎంచుకోండి. సున్నాకు రెండు వైపులా చూపే గేజ్, రికార్డర్ అక్కడ పెట్టండి, సరిచూసిన తేదీ దాని మీద అంటించండి. సరఫరా అయిన ప్రతిసారీ ఆ రెండు అంకెలను మీటర్లలో వార్డు కార్యాలయం బోర్డు మీద రాయండి. పాఠకులకు ఒక మాట. 155313కు ఫోన్ చేసి లో ప్రెషర్ అని ఊరుకోకండి. సున్నా నుంచి రెండున్నర కేజీల డయల్ ఉన్న గేజ్ ఒకటి గల్లీ అంతా కలిసి కొనుక్కోండి. నీళ్లు వదిలిన అరగంట తర్వాత, పక్కిళ్లు కూడా పట్టుకుంటున్నప్పుడే చూడండి. గేజ్ రోడ్డు మట్టానికి ఎంత ఎత్తులో ఉందో, అప్పుడు టైమెంతో, ముల్లు ఎక్కడుందో మూడూ చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి.